ఆపరేషన్ బల్ల మీద బీపీ: గాజు గొట్టం నుంచి కంప్యూటర్ దాకా

మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని కమిటీ మిత్రులు అడిగారు. బడి జ్ఞాపకాలు నాకన్నా బాగా రాసేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. అందుకని నాకు తెలిసిన పనిలోంచి ఒక చరిత్ర రాస్తానని ఒప్పుకున్నాను. నేను డాక్టర్ని కాను, ఇంజనీరుని. ఆపరేషన్ థియేటర్లలో రోగి తల దగ్గర ఉండే మానిటర్లను బిగించడం, సరిచూడడం, బాగుచేయడం పాతికేళ్లకు పైగా నా ఉద్యోగం.

ఈ విషయమే ఎందుకు ఎంచుకున్నానంటే, మన బ్యాచ్ వాళ్లందరం యాభై దాటాం. మనకి చదువు చెప్పిన మాస్టార్లలో చాలామంది ఎనభైకి దగ్గరపడ్డారు. వాట్సాప్ గ్రూపులో ఒకప్పుడు ఉద్యోగాల కబుర్లు, ఆ తర్వాత పిల్లల పెళ్లి ఫొటోలు వచ్చేవి. ఇప్పుడు ‘రేపు గాల్‌బ్లాడర్ ఆపరేషన్, దేవుడికి దణ్ణం పెట్టుకోండి’ అన్న కబుర్లు వస్తున్నాయి. కాగితం మీద సంతకం పెట్టి లోపలికి వెళ్తాం. మత్తు ఎక్కాక ఏం జరిగిందో మనకి తెలియదు. ఆ తెలియని గంటా రెండు గంటల్లో మత్తు డాక్టరు కాచుకుని చూసే అంకెల్లో ముఖ్యమైనది బీపీ. అది పడిపోబోతోందని ముందే తెలుసుకోగలమా అన్న ప్రశ్న ఈనాటిది. దాని వెనక దాదాపు మూడు వందల ఏళ్ల చరిత్ర ఉంది. అందులో ఒక పెద్ద అధ్యాయం మన హైదరాబాదులోనే జరిగింది.

మత్తులో బీపీ ఎందుకు పడుతుంది?

మేడ మీద ట్యాంకు, మోటారు, పైపులు ఉన్న ఇల్లు మనందరికీ తెలుసు. మన ఒంట్లో గుండె మోటారు, రక్తనాళాలు పైపులు. మోటారు ఎంత తోస్తోంది, పైపులు ఎంత బిగువుగా ఉన్నాయి, వాటిలో ఎంత ద్రవం ఉంది అనే మూడింటి మీద పీడనం ఆధారపడుతుంది. మెడలో కరోటిడ్ ధమని చీలే చోట ఈ పీడనాన్ని పసిగట్టే నరాలు ఉన్నాయి. మంచం మీంచి గబుక్కున లేచి నిలబడితే రక్తం కాళ్లలోకి జారుతుంది. వెంటనే ఈ నరాలు మెదడుకి కబురు పంపి, పైపుల్ని బిగించి, గుండెని వేగం చేసి క్షణాల్లో సర్దేస్తాయి.

జనరల్ అనస్థీషియా, అంటే ఒళ్లు తెలియకుండా ఇచ్చే పూర్తి మత్తు, ఈ ఏర్పాటు మొత్తాన్ని సడలిస్తుంది. ఇప్పుడు ఎక్కువగా వాడే ప్రొపొఫాల్ లాంటి మందుతో రక్తనాళాలు వదులవుతాయి, గుండె తోపు కొంత తగ్గుతుంది, మెడలోని కాపలా మందగిస్తుంది. పైగా రోగి పరగడుపున ఉంటాడు. మత్తు ఇచ్చాక కత్తి పెట్టేదాకా శరీరాన్ని ఉలిక్కిపడేట్టు చేసే నొప్పి కూడా ఏమీ ఉండదు. అందుకే మొదటి పది, పదిహేను నిమిషాల్లో పీడనం జారడం తరచుగా జరుగుతుంది. ఆ తర్వాత రక్తం పోవడం, రోగిని తల పైకో కిందికో వంచడం, లాపరోస్కోపీలో పొట్టలోకి గ్యాసు నింపడం, ఇలా వేరే కారణాలు మొదలవుతాయి.

మెదడు, గుండె కండరం, మూత్రపిండాలు కొంతవరకు తమ రక్తాన్ని తామే సర్దుకోగలవు. పీడనం ఒక హద్దు దాటి దిగితే ఆ శక్తి చాలదు. మెలకువగా ఉన్న మనిషి అయితే ‘కళ్లు తిరుగుతున్నాయి’ అని చెప్తాడు. మత్తులో ఉన్న మనిషి చెప్పలేడు. అతని తరఫున ఎవరు చెప్పాలి, దేన్ని చూసి చెప్పాలి అన్నదే ఈ చరిత్ర అంతా.

గుర్రం, గాజు గొట్టం

రక్తపీడనాన్ని మొదట కొలిచినవాడు డాక్టరు కాదు. లండన్ దగ్గర టెడింగ్టన్ అనే ఊళ్లో చర్చి పూజారిగా ఉన్న స్టీఫెన్ హేల్స్. ఒక ఆడ గుర్రాన్ని కట్టి పడుకోబెట్టి, తొడ ధమనిలోకి ఇత్తడి గొట్టం పెట్టి, దానికి తొమ్మిది అడుగుల గాజు గొట్టం నిలువుగా తగిలించాడు. రక్తం గుండె మట్టం నుంచి 8 అడుగుల 3 అంగుళాల ఎత్తుకి లేచి, గుండె కొట్టుకున్నప్పుడల్లా పైకీ కిందికీ ఊగింది. ఈ సంగతి 1733లో అచ్చైన పుస్తకంలో రాశాడు.

తొమ్మిది అడుగుల గొట్టంతో ఆసుపత్రి నడవదు. ఫ్రాన్సులో పొయిసెయ్ 1828లో గొట్టంలో పాదరసం పోశాడు. పాదరసం రక్తం కన్నా సుమారు 13 రెట్లు బరువు కాబట్టి గొట్టం మూరెడు పొడుగుకి కుదించుకుపోయింది. నేటికీ బీపీని పాదరసం మిల్లీమీటర్లలో చెప్పుకోవడం ఆనాటి వారసత్వమే. జర్మనీలో కార్ల్ లుడ్విగ్ 1847లో ఆ పాదరసం మీద ఒక తేలే బిరడా పెట్టి, దానికి ముల్లు కట్టి, మసి పట్టించిన కాగితం చుట్టిన డ్రమ్ము మీద గీత గీయించాడు. దాని పేరు కైమోగ్రాఫ్. పీడనం ఒక అంకెగా కాక, కాలంతో పాటు సాగే గీతగా కనిపించడం అక్కడే మొదలు. నేను బాగుచేసే మానిటర్ తెర మీద పరుగెత్తే ఎర్ర గీతకి అదే మూలపురుషుడు.

అయితే ఇవన్నీ ధమని కోసి చేసేవి. ఇంతలో మత్తుమందు వచ్చేసింది. 1846 అక్టోబరు 16న బోస్టన్‌లో మోర్టన్ ఈథర్ ఇచ్చి చూపించాడు. 1847 నవంబరులో ఎడింబరోలో సింప్సన్ క్లోరోఫాం తెచ్చాడు. మూడు నెలలు తిరక్కముందే, 1848 జనవరి 28న, ఇంగ్లండులో హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ల అమ్మాయి కాలి గోరు తీయడానికి క్లోరోఫాం ఇస్తే, నిమిషాల్లో చనిపోయింది. అప్పటి నుంచి వైద్యలోకాన్ని పట్టుకున్న ప్రశ్న ఒకటే: క్లోరోఫాంతో ముందు ఆగేది ఊపిరా, గుండెా? దాన్ని బట్టే మత్తు ఇచ్చేవాడి చెయ్యి నాడి మీద ఉండాలా, చూపు ఊపిరి మీద ఉండాలా అన్నది తేలుతుంది.

హైదరాబాదులో మసి కాగితం

ఆ ప్రశ్న తేల్చడానికి పూనుకున్నది నిజాం రాజ్యంలో వైద్యుడు ఎడ్వర్డ్ లారీ. ఎడింబరోలో చదివినవాడు, హైదరాబాదు రెసిడెన్సీ సర్జన్, హైదరాబాదు మెడికల్ స్కూలుకి పెద్ద. ఊపిరిని కనిపెట్టుకుని ఉంటే చాలు, క్లోరోఫాంతో భయం లేదన్నది ఆయన గురువు సైమ్ నేర్పిన పాఠం. 1888లో మొదటి హైదరాబాదు క్లోరోఫాం కమిషన్ కుక్కల మీద ప్రయోగాలు చేసి అదే సరైందని చెప్పింది. లండన్ లాన్సెట్ పత్రిక నమ్మలేదు. అప్పుడు ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ వెయ్యి పౌన్లు ఇచ్చి, మీకు నచ్చిన మనిషిని మీరే పంపండి అన్నారు. అలా 1889 చివర్లో పేరున్న లండన్ వైద్యుడు లాడర్ బ్రంటన్ హైదరాబాదు వచ్చాడు. రెండో కమిషన్ మొదలైంది.

వందలాది జంతువుల మీద, రోజుల తరబడి, కైమోగ్రాఫ్ మీద పీడనం గీతలు గీశారు. మత్తు కింద రక్తపీడనం ఎలా పడుతుందో అంత పెద్ద ఎత్తున, అంత శ్రద్ధగా రికార్డు చేయడం అప్పటికి అరుదు. క్లోరోఫాం పీలుస్తున్నకొద్దీ పీడనం మెల్లగా దిగుతుంది, మందు తీసేస్తే తిరిగి లేస్తుంది, ఊపిరి ఆగాకే గుండె ఆగుతుంది. 1890 జనవరిలో నివేదిక లాన్సెట్‌లో అచ్చైంది. ఊపిరి ముందు, గుండె తర్వాత అన్నది దాని తీర్పు.

ఈ సందర్భంలో ఒక పేరు తలుచుకోవాలి. లారీ శిష్యురాలు రూపాబాయి ఫర్దూన్జీ హైదరాబాదు ఆసుపత్రుల్లో క్లోరోఫాం ఇచ్చేవారు. ప్రపంచంలో మత్తు వైద్యాన్ని వృత్తిగా చేపట్టిన తొలి మహిళల్లో ఆమె ఒకరు. మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో ఉండాల్సిన పేరు.

ఆ తీర్పు ఎక్కువ కాలం నిలవలేదు. 1911లో లండన్‌లో గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద చేసిన ప్రయోగాల్లో వేరే సంగతి బయటపడింది. క్లోరోఫాం బాగా ఎక్కినప్పుడు కాదు, తేలికగా ఉన్నప్పుడే, అడ్రినలిన్ తోడైతే గుండె ఉన్నట్టుండి కొట్టుకోవడం మాని గిలగిలలాడి ఆగిపోతుంది. భయపడ్డ మనిషి ఒంట్లో అడ్రినలిన్ ఎలాగూ ఉంటుంది. మత్తు అందుకోకముందే, బెదురుతూ, పెనుగులాడుతూ ఉండగా చనిపోయిన రోగుల కథలకి అది జవాబయింది.

నా బోటి ఇంజనీరుకి ఇక్కడ పెద్ద పాఠం ఉంది. హైదరాబాదు గీతలు అబద్ధం కాదు. పరికరం పనిచేసింది, మనుషులు నిజాయితీగా పనిచేశారు. తమ ముందు ఉన్నదాని గురించి వాళ్లు చెప్పింది నిజమే. తేలిక మత్తులో బెదిరిన ప్రాణి మాత్రం ఆ గీతల్లోకి రాలేదు. రికార్డులోకి రానిదాని గురించి రికార్డు ఏమీ చెప్పదు. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే, ఈ కథలో తర్వాతి భాగం తేలిగ్గా అర్థమవుతుంది.

వేలా, పట్టీయా?

రోగి చెయ్యి కోయకుండా బీపీ చూసే మార్గం 1896లో ఇటలీలోని టురిన్‌లో రివా-రోచి కనిపెట్టాడు. సైకిల్ ట్యూబులాంటి రబ్బరు పట్టీ చేతికి చుట్టి, గాలి కొట్టి, నాడి అందకుండా పోయే చోట పాదరసం ఎంత ఎత్తులో ఉందో చూడడమే. ఆ పట్టీ మరీ సన్నగా ఉండి అసలు కన్నా ఎక్కువ చూపించేది. 1901లో ఫోన్ రెక్లింగ్‌హౌజెన్ దాన్ని వెడల్పు చేశాడు. 1905లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో కొరొట్కోవ్ మోచేతి మడత దగ్గర స్టెతస్కోపు పెట్టి చప్పుడు వినడం నేర్పాడు. పై అంకె, కింది అంకె రెండూ అప్పుడు దొరికాయి.

ఈ పట్టీని ఆపరేషన్ గదిలోకి తెచ్చినవాడు అమెరికా సర్జన్ హార్వీ కుషింగ్. విద్యార్థిగా ఉండగా ఈథర్ ఇవ్వమంటే ఇచ్చాడు. ఆ రోగి చనిపోయాడు. అప్పట్లో విద్యార్థులకి మత్తు ఇవ్వడం నేర్పే ఆచారమే సరిగ్గా లేదు. కుషింగ్, అతని సహాధ్యాయి కాడ్‌మన్ కలిసి 1894 ప్రాంతంలో ప్రతి రోగికీ ఒక కాగితం పెట్టి, నాడి, ఊపిరి నిమిషాల వారీగా చుక్కలు పెట్టడం మొదలుపెట్టారు. 1901లో ఇటలీలోని పావియాలో రివా-రోచి పట్టీని చూసిన కుషింగ్ దాన్ని బాల్టిమోర్ తీసుకెళ్లి, ఆ కాగితంలో బీపీ చుక్కలు కూడా చేర్చాడు.

అందరూ చప్పట్లు కొట్టలేదు. హార్వర్డ్‌లో సర్జన్లు ఒక కమిటీ వేసుకుని 1904లో తేల్చింది ఏమిటంటే, మామూలు ఆపరేషన్లకి ఇది అక్కర్లేదు, అనుభవం ఉన్న వేలు నాడి మీద ఉంటే చాలు. ఇప్పుడు వింటే నవ్వొస్తుంది గానీ, వాళ్ల మాటలో కొంత న్యాయం ఉంది. వేలికి లయ తెలుస్తుంది, బిగువు తెలుస్తుంది, చర్మం చల్లబడిందో లేదో తెలుస్తుంది. వేలు రాసి పెట్టదు, అదే దాని లోపం. రాసి లేనిది పక్క డాక్టరుకి చూపించలేం, వంద మందిని పక్కపక్కన పెట్టి పోల్చలేం.

కుషింగ్ కాగితం మన ఆసుపత్రుల్లో ఇప్పటికీ బతికే ఉంది. పట్టణాల్లోని ఆసుపత్రులకి వెళ్లినప్పుడు చూస్తుంటాను: చిన్న గళ్ల షీటు, పై అంకెకి ఒక కొక్కెం, కింది అంకెకి తలకిందుల కొక్కెం, మధ్యలో నాడికి చుక్క. అయిదు నిమిషాలకి ఒక వరస. ఈ అయిదు నిమిషాల లెక్క కూడా 1986లో హార్వర్డ్ అనుబంధ ఆసుపత్రులు పెట్టిన నియమాల్లో ఉంది. ఒకప్పుడు వేలు చాలన్న హార్వర్డే ఈ నియమం పెట్టింది! అప్పటికే పట్టీ తనంతట తానే గాలి నింపుకుని కొలిచే యంత్రాలు వచ్చేశాయి. పెద్ద ఆపరేషన్లకి మణికట్టు ధమనిలో సన్న గొట్టం పెట్టి ప్రతి కొట్టునీ చూడడం అలవాటైంది. చెక్ శాస్త్రవేత్త యాన్ పెన్యాజ్ 1973లో చూపిన పద్ధతితో వేలికి చిన్న పట్టీ తొడిగి కూడా ఆ గీత చూడొచ్చు.

ఎంత తగ్గితే తక్కువ?

ముందే చెప్పాలంటే, ఏం చెప్పాలో తెలియాలి కదా. బీపీ ఎంత తగ్గితే తగ్గినట్టు? 2007లో నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ పరిశోధకులు 130 వ్యాసాలు తిరగేస్తే 140 నిర్వచనాలు తేలాయి. వ్యాసాల కన్నా నిర్వచనాలే ఎక్కువ! వాటిని తమ రోగుల రికార్డులకి వర్తింపజేస్తే, నిర్వచనాన్ని బట్టి నూటికి అయిదుగురికి బీపీ పడిందనీ చెప్పొచ్చు, తొంభై తొమ్మిది మందికి పడిందనీ చెప్పొచ్చు.

ఆ తర్వాత క్రమంగా సగటు పీడనం అనే అంకె మీదికి చూపు మళ్లింది. కింది అంకెకి, పై కింది అంకెల తేడాలో మూడో వంతు కలిపితే ఇది సుమారుగా వస్తుంది. 120/80 అయితే 93. 2013లో క్లీవ్‌లాండ్ క్లినిక్ వాళ్లు 33,330 ఆపరేషన్ల రికార్డులు చూస్తే, సగటు పీడనం 55 కన్నా కింద కొద్ది నిమిషాలు ఉన్నా గుండెకీ మూత్రపిండాలకీ దెబ్బ తగిలిన కేసులు ఎక్కువగా కనిపించాయి. 2017 నాటికి 65 అనే గీత అందరి నోట్లో నానింది.

ఎవరికి పడుతుందో ముందే చెప్పే ప్రయత్నాల్లో పేరుపడ్డది 2005లో న్యూయార్క్ నుంచి వచ్చింది. 4,096 మంది రికార్డుల్లో, మత్తు ఇచ్చిన మొదటి పది నిమిషాల్లో నూటికి తొమ్మిది మందికి బీపీ బాగా పడింది. ఎవరికి ఎక్కువగా పడింది? వేరే జబ్బులు ముదిరినవాళ్లకి, మత్తుకి ముందే సగటు పీడనం 70 కన్నా తక్కువ ఉన్నవాళ్లకి, ప్రొపొఫాల్ ఇచ్చినవాళ్లకి, ఇంకా యాభై, ఆ పైన వయసున్నవాళ్లకి. అంటే మిత్రులారా, మన బ్యాచ్ మొత్తం ఆ జాబితాలోకి ఎక్కేశాం.

గీత చూసి జోస్యం

2018లో కొత్త సంగతి వచ్చింది. అమెరికాలో ఎడ్వర్డ్స్ లైఫ్‌సైన్సెస్ కంపెనీ ఇంజనీర్లు, డాక్టర్లు కలిసి, ధమని గొట్టం నుంచి వచ్చే గీతని కంప్యూటర్‌కి నేర్పారు. 1,334 మంది రోగుల గీతలు, 5 లక్షల 45 వేల నిమిషాలకు పైగా. గీత ఎక్కే వాలు, దిగే వాలు, దాని కింద వైశాల్యం, ఒక కొట్టుకీ ఇంకో కొట్టుకీ తేడా, ఇలాంటి వేల లక్షణాలు తీసి, పనికొచ్చేవి ఏరారు. ఫలితం సున్నా నుంచి వంద దాకా ఒక అంకె: 85 దాటితే అలారం. సగటు పీడనం 65 కిందికి పడే పదిహేను నిమిషాల ముందే నూటికి 88 సార్లు పసిగట్టిందనీ, పడని వేళల్లో నూటికి 87 సార్లు ఊరుకుందనీ ప్రకటించారు.

నాలాంటి వాళ్లకి ఇది పండగ లాంటి వార్త. లుడ్విగ్ ముల్లు గీసిన గీతలోంచి భవిష్యత్తు చదవడం! 2020లో ఆమ్‌స్టర్‌డామ్‌లో 68 మంది రోగులతో పరీక్షించారు. ఈ అలారం సాయం ఉన్నవాళ్లలో బీపీ తక్కువగా ఉన్న సమయం మధ్యస్థంగా 8 నిమిషాలు, లేనివాళ్లలో దాదాపు 33 నిమిషాలు. అదే ఏడాది క్లీవ్‌లాండ్‌లో 214 మందితో చేస్తే రెండు వర్గాలకీ తేడాయే కనిపించలేదు. అక్కడ సగం అలారాలకి డాక్టర్లు ఏ చికిత్సా చేయలేదని కూడా తేలింది. జోస్యం చెప్పడం వేరు, విని లేచి పనిచేయడం వేరు. అలారం మోగినప్పుడల్లా ఆపే మీటకోసం చెయ్యి వెళ్లడం నేను చాలా థియేటర్లలో చూశాను. వాళ్లని తప్పుపట్టలేను. ఆ గదిలో మోగేవాటిలో ఎక్కువ భాగం పట్టించుకోనక్కర్లేనివే.

35 మార్కుల పిల్లాడు

ఇక అసలు చిక్కు. 2022లో డెన్మార్క్ పరిశోధకులు ఇద్దరు ఈ కంప్యూటర్‌ని పరీక్షించిన తీరు మీదే వేలు పెట్టారు. ‘బీపీ పడింది’ అంటే సగటు 65 కన్నా తక్కువ. ‘పడలేదు’ అని చూపించిన ఉదాహరణలన్నీ 75 కన్నా పైన హాయిగా ఉన్న వేళలు. మరి 65కీ 75కీ మధ్య ఊగుతూ చివరికి పడకుండా నిలబడ్డ వేళలు? అవి ఆ లెక్కలో లేవు.

ఇది మన మాస్టార్లకి చెప్తే వెంటనే అర్థమవుతుంది. పదో తరగతిలో ఫస్ట్ క్లాసు తెచ్చుకునేవాడెవడో, పది మార్కుల దగ్గర ఆగిపోయేవాడెవడో యూనిట్ టెస్టులు చూసి ఎవరైనా చెప్తారు. 32కీ 38కీ మధ్య కొట్టుకునే పిల్లాడు 35 దాటుతాడా లేదా అన్నది చెప్పగలిగితేనే అది జోస్యం. అలాంటి పిల్లలందరినీ జాబితాలోంచి తీసేసి, నా అంచనా నూటికి 88 నిజమైంది అంటే హెడ్మాస్టరుగారు ఒప్పుకుంటారా?

ఆ తర్వాతి పరిశీలనల్లో తేలింది ఏమిటంటే, ఈ కంప్యూటర్ అంకె చాలావరకు ఇప్పటి సగటు పీడనం వెనకే నడుస్తోంది. పీడనం 70ల మొదట్లోకి దిగగానే మామూలు అలారం మోగేట్టు పెట్టినా దాదాపు అంతే ముందుగా తెలుస్తుంది. దీంతో ఆ పని దండగ అని నేను అనను. ఇప్పుడు సియోల్ జాతీయ విశ్వవిద్యాలయ ఆసుపత్రి 6,388 మంది రోగుల ఆపరేషన్ రికార్డులని పేర్లు తీసేసి ప్రపంచానికి ఉచితంగా తెరిచిపెట్టింది. ఎవరి లెక్కనైనా ఎవరైనా సరిచూడొచ్చు. శాస్త్రం ముందుకెళ్లే దారి అదే.

హైదరాబాదు కమిషన్‌కీ ఈ కంప్యూటర్‌కీ మధ్య నూట ముప్ఫై ఏళ్ల తేడా ఉంది. ఇబ్బంది మాత్రం ఒకే చోట వచ్చింది. అక్కడ బెదిరిన రోగి లెక్కలోకి రాలేదు, ఇక్కడ ఊగిసలాడే రోగి రాలేదు. ఇంకా రానివాళ్లున్నారు. నేర్పిన గీతలన్నీ ధమనిలో గొట్టం పెట్టిన రోగులవి, అంటే పెద్ద ఆపరేషన్లవి, ఐసీయూలవి. మన ఊరి పక్క పట్టణంలో గాల్‌బ్లాడర్‌కో హెర్నియాకో చేతికి పట్టీ చుట్టి, గళ్ల షీటు మీద కొక్కేలు గీసే గదిలోని రోగి వాటిలో లేడు. ఆ షీట్లు కేసు ఫైలులో కట్టలు కట్టి మూలపడతాయి. మనవాళ్ల గురించి ముందుగా చెప్పగలిగే లెక్క రావాలంటే ఆ కట్టలు ఎప్పుడో ఒకప్పుడు కంప్యూటర్‌లోకి ఎక్కాలి. మన బడి నుంచి డాక్టర్లయినవాళ్లు, సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లు చాలామంది ఉన్నారు. కలిసి చేయదగ్గ పని ఇది.

మనం చేయగలిగింది

ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పాలి. పీడనం పడకుండా చూసినంత మాత్రాన అందరికీ మేలు జరుగుతుందా? పలు దేశాల్లో 7,490 మందితో చేసిన పాయిస్-3 అనే పెద్ద పరీక్షలో సగటు పీడనం 80కి తగ్గకుండా చూసినవాళ్లకీ, 60 దాకా ఒప్పుకున్నవాళ్లకీ గుండె, రక్తనాళాల ఇబ్బందులు దాదాపు సమానంగా, నూటికి 14 మందికి వచ్చాయి. దీనికి భిన్నంగా 2017లో ఫ్రాన్స్‌లో సుమారు 300 మంది ముప్పు ఎక్కువున్న రోగులతో చేసిన పరీక్షలో, ఎవరి మామూలు బీపీకి వాళ్లని దగ్గరగా ఉంచితే అవయవాలు దెబ్బతిన్నవాళ్ల సంఖ్య తగ్గింది. అందరికీ ఒకే గీత గీయడం కన్నా ఈ మనిషికి మామూలుగా ఎంత ఉంటుంది అన్నది తెలియడం ముఖ్యమేమో అనిపిస్తుంది.

అది మత్తు డాక్టరుకి ఎలా తెలియాలి? ఆపరేషన్ ముందురోజు, ఆసుపత్రి వాసనకి గుండె దడదడలాడుతుండగా చూసిన అంకె మన మామూలు అంకె కాదు. అందుకని నా మనవి ఇది. ఆపరేషన్ కుదిరిందంటే ఒక వారం పది రోజులు ఇంట్లో, ప్రశాంతంగా కూర్చుని, పొద్దునా సాయంత్రం బీపీ చూసి ఒక నోటుబుక్కులో రాసుకోండి. మత్తు డాక్టరు పరీక్షించేటప్పుడు అది చూపించండి. వాడుతున్న మందులన్నీ పేర్లతో చెప్పండి. మనలో చాలామంది వేసుకునే టెల్మిసార్టాన్ లాంటి బీపీ మాత్రలకీ మత్తులో బీపీ పడడానికీ సంబంధం ఉంది. ఆపరేషన్ రోజు వేసుకోవాలా, మానాలా అన్నది ఆయన్నే అడగండి. మన సొంత నిర్ణయంతో ఆపవద్దు, దాచవద్దు. ఇంతకుముందు మత్తులో ఇబ్బంది వచ్చి ఉంటే అదీ చెప్పండి.

నాకు బాగా తెలిసిన ఒక మత్తు డాక్టరుగారు ఉన్నారు. మందు ఎక్కించకముందే బీపీ పెంచే సూదిమందు సిరంజిలోకి తీసి, చీటీ అంటించి పళ్లెంలో పెట్టుకుంటారు. ఎడమ చేతి వేళ్లు రోగి నాడి మీద, కళ్లు మానిటర్ మీద, మధ్యమధ్యలో రోగి ముఖం మీద. ఆయన దగ్గర ఏ కంప్యూటర్ జోస్యమూ లేదు. ఎవరికి పడొచ్చో ఆయన ముందురోజు సాయంత్రమే రోగి మంచం పక్కన కూర్చుని అడిగి తెలుసుకుని ఉంటారు. అప్పుడు మన నోటుబుక్కు ఆయన చేతిలో ఉంటే, ఆ రోగి రికార్డులోకి ఎక్కినట్టే.